సొట్టలో మాట

షార్జాలో పాత కార్ల సామాను ఆన్‌లైన్లో అమ్మే అబూ ఫారిస్ నన్ను పిచ్చిదాని కింద జమకట్టాడు. ఆయన తప్పేం లేదు. సెకండ్‌హ్యాండు తలుపు కొనేవాళ్ళెవరైనా ముందు అడిగేది "సొట్టలేం లేవు కదా?" అనే. నేను మాత్రం "సొట్ట అలాగే ఉందా? ఉంటేనే పంపండి. దాన్ని కొట్టకండి, వేడి తగలనివ్వకండి, తుడవను కూడా తుడవకండి" అని రాశాను.

వెంటనే ఇంకో తలుపు ఫొటో పెట్టాడు. "మేడమ్, ఇది చూడండి. అదే రంగు, గీత కూడా లేదు."

"నాకది వద్దు. సొట్టపడిందే కావాలి."

"అది ఘోరంగా గుద్దుకున్న బండి మేడమ్. ఆ తలుపును ఏ మేస్త్రీ బాగుచెయ్యలేడు."

మా నాయన సంగతి ఈయనకేం తెలుసు అని నవ్వొచ్చింది. ఆ నవ్వు పెదాల మీద ఉండగానే ఏడుపొచ్చింది. ఆ బండి తోలింది మా అన్న.

అన్న పేరు ఖాదర్‌వలి. మేం నూర్‌బాషా వాళ్ళం. మా తాతలు దూది ఏకారు, మా నాయన మౌలాలి మేస్త్రి రేకు కొట్టాడు. విజయవాడ ఆటోనగర్‌లో ఆయనకు టింకరింగ్ షెడ్డు ఉంది. గుద్దుకుని ముద్దయిన బండి తెస్తే, రేకు వెనక ఇనుప దిమ్మ ఆనించి, ముందు నుంచి సుత్తితో తట్టి తట్టి సొట్టలన్నీ తీసి, దెబ్బ తగిలిన చోటేదో బండి గలాయనే పోల్చుకోలేనట్టు చేసి ఇవ్వడం ఆయన పని. మా వీధిలో సొట్టంటే అప్రతిష్ఠ. మా ఇంట్లో అన్నం గిన్నెకి సొట్ట పడినా నాయన దాన్ని సాపు చేసేదాకా భోజనానికి కూర్చునేవాడు కాదు.

అన్న ఆ సుత్తి పట్టనన్నాడు. "ఎవరో గుద్దుకొచ్చిన దెబ్బలు జీవితమంతా నేనెందుకు సాపు చెయ్యాల నాయనా?" అని ఒక సేఠు దగ్గర డ్రైవరుగా షార్జా వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి నాయన అన్నతో మాట్లాడలేదు. అన్న ఫోన్ చేసి "నాయనకివ్వు" అనేవాడు. ఇచ్చేదాన్ని. నాయన దాన్ని అందుకుని, పలకకుండా పక్కన బల్ల మీద పెట్టేసి, అక్కడే కూర్చుని మేకులు ఏరుకునేవాడు. అవతల అన్న "నాయనా... నాయనా..." అని కాసేపు పిలిచి పెట్టేసేవాడు. నేను ఇద్దరినీ తిట్టేదాన్ని. తిట్టి ఏం లాభం? ఇద్దరూ ఒకే రేకులోంచి కోసిన ముక్కలు.

అన్న ఎడారి రోడ్డు మీద ఒంటరిగా వెళ్తుంటే లారీ గుద్దింది. పెట్టె వచ్చింది. "తెరవొద్దు, చూడలేరు" అన్నారు. తెరవకుండానే ఖబరస్తాన్‌కి తీసుకెళ్ళి మట్టిచేశారు.

అదిగో, అక్కడ మొదలైంది అసలు కష్టం. మా వదిన షరీఫా నమ్మలేదు.

"నేను మొహం చూళ్ళేదు. ఎవర్నో పెట్టెలో పెట్టి పంపిచ్చి, ఈయనే నీ మొగుడంటే నమ్మాలా? అక్కడ అందరివీ ఒకే రకం బట్టలు, ఒకే రకం కాయితాలు. ఆయన ఏ ఆస్పత్రిలో ఉన్నాడో, ఏ జైల్లో ఉన్నాడో!" అంది.

భర్త పోయిన ఆడమనిషి ఇంట్లో కూర్చునే ఇద్దత్ కూర్చోనంది. గాజులు తియ్యనంది. బతికున్న మనిషికి ఎవరైనా ఫాతేహా చదివిస్తారా అని వంట గిన్నెలు దాచేసింది. చుట్టాలు నోళ్ళు నొక్కుకున్నారు. "హవ్వ, ఇదేం చోద్యం" అన్న ఒక పెద్దమ్మను నేను గడప దాకా సాగనంపి, మళ్ళీ రావద్దని కూడా చెప్పాను. నోరు కట్టుకుని కూర్చోవడం నా జాతకంలో లేదు. కానీ వదిన రోజురోజుకీ ఎండిపోతుంటే నా దగ్గర ఏ మాటా లేకపోయింది. ఏడిస్తే ఓదార్చవచ్చు. ఆవిడ ఏడవటం లేదు, ఎదురుచూస్తోంది.

"నాకొక్క రుజువు చూపిచ్చు మాబున్నీ. నువ్వు చదువుకున్నదానివి గదా" అనేది.

నా చదువు లోహాల చదువు. ఊళ్ళోనే ఒక ఇంజనీరింగ్ కాలేజీ ప్రయోగశాలలో పని. రేకు కొట్టే ఇంట్లో పుట్టి రేకు గురించే చదివావా అని నా స్నేహితురాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. నేనక్కడ తయారుచేస్తున్న యంత్రం కూడా ఆటోనగర్ కోసమే. మా వీధికి ప్రపంచమంతా పార్శిళ్ళు వస్తాయి. జపాన్ నుంచి బానెట్లు, షార్జా నుంచి తలుపులు, లిథువేనియా నుంచి గేరుబాక్సులు. అమ్మేవాడు ఏ దేశం వాడైనా ఒకటే పాట: "ముసలావిడ కూరగాయల మార్కెట్టుకి తోలిన బండి సార్, దెబ్బన్నది ఎరగదు." నిజమో అబద్ధమో ఎవరికి తెలుసు? అందుకని రేకు లోపల దాగిన పాత దెబ్బల్ని పట్టించే యంత్రం ఒకటి చేశాను. సన్నటి కాంతి గీత రేకు మీద నడుస్తుంది. అది నడిచిన చోట, ఎప్పుడో దెబ్బకు లోపల బిగుసుకుపోయిన లోహం సడలుతుంది. సడలేటప్పుడు చిన్న వణుకు పుడుతుంది. ఆ వణుకును స్పీకర్లో చిటపటలుగా వినిపిస్తే, చిటపట ఎక్కువున్న చోట దెబ్బ ఉన్నట్టు. అంతే నా ఆశ. అంతకు మించి నేనేమీ కోరలేదు.

అన్న పోయిన తర్వాత, ఒక ఆదివారం ఆ యంత్రాన్ని షెడ్డుకు పట్టుకొచ్చాను. పక్క షెడ్డుకు జపాన్ నుంచి ఒక బానెట్ వచ్చింది. ముక్కు దగ్గర అరచేయంత సొట్ట. నాయన బీడీ ఆర్పి దగ్గరకొచ్చాడు. వదిన అన్నం క్యారేజీ తెచ్చి నిలబడింది. గీత సొట్ట మీదికి వెళ్ళింది.

చిటపటలు రాలేదు. వాన వచ్చింది.

నిజంగా వాన. రేకు మీద పడుతున్న వాన. దాని వెనక అటూ ఇటూ ఊగుతున్న వైపర్. ఆ వెనక ఎక్కడో, గాజుకి అవతల, ఒక ఆడగొంతు ఏదో కూనిరాగం తీస్తోంది. భాష తెలియదు. కానీ పిల్లల్ని జోకొట్టే రాగం ఏ దేశంలోనైనా తెలుస్తుంది. పాప ఒకటి మధ్యలో కిలకిలా నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

ఎండ మండుతున్న ఆటోనగర్‌లో, మా రేకుల షెడ్డు కింద, ఎక్కడో ఎరగని ఊళ్ళో కురిసిన వాన విన్నాం మేం. పక్క షెడ్డు వెల్డరు చేతిలో గ్యాసు టార్చి ఆరిపోయినా చూసుకోలేదు. నాయన మెల్లగా నెత్తిమీది టోపీ సర్దుకుని, "యా అల్లా" అన్నాడు. మళ్ళీ పెట్టమన్నారందరూ. మళ్ళీ పెట్టాను. ఈసారి రేకులో ఏమీ లేదు.

అప్పుడు అర్థమైంది నాకు. రేకు ఎప్పుడూ వణుకుతూనే ఉంటుంది. మాటకు వణుకుతుంది, పాటకు వణుకుతుంది, వానకు వణుకుతుంది. ఆ వణుకులన్నీ కాసేపు లోపల తిరిగి ఆరిపోతాయి. కానీ రేకు దెబ్బతిని వంగే క్షణంలో మాత్రం, అప్పటికి లోపలున్న వణుకులన్నీ ఎక్కడివక్కడ బిగిసిపోతాయి. పచ్చి సిమెంటు మీద కోడి నడిస్తే అడుగులు నిలిచిపోవూ, అలాగ. నా యంత్రం ఆ బిగువును సడలిస్తుంది. ఉన్న మాట బయటికి వస్తుంది, అంతటితో రేకు దాన్ని మరిచిపోతుంది. మాటను మనం రికార్డు చేసుకోవచ్చు గానీ, రేకులోంచి అది వచ్చేది మాత్రం ఒక్కసారే.

కాలేజీలో దీన్ని పెద్ద పెద్ద మాటల్లో చెప్పాను. నాయనకు "రేకుకు జ్ఞాపకం ఉంటుంది నాయనా" అన్నాను. "నాకు తెలవదా ఏంది?" అన్నట్టు తలూపాడు. ఆ తలూపడంలోనే మా ఇంటి కథంతా ఉందని అప్పుడు తెలియలేదు.

ఆ వారంలోనే లిథువేనియా నుంచి ఒక మడ్‌గార్డు వచ్చింది. ఉత్సాహంగా పెట్టాను. అది వాన కాదు. ఎవరో మనిషి ఒకే పేరును పదేపదే పిలుస్తున్నాడు. ఆ పిలుపులో ఏం జరగబోతోందో తెలిసిన భయం ఉంది. నాయన వచ్చి స్విచ్చి ఆపేశాడు.

"ఒద్దమ్మా. సచ్చిపోయేవోడి మాట వాడి ఇంటోళ్ళది. మనమెవరం ఇనటానికి?"

సిగ్గేసింది నాకు. దేశం కాని దేశంలో ఒకడి ఆఖరి పిలుపు వాడి వాళ్ళు వినలేదు. నేను విన్నాను, విని చెరిపేశాను కూడా. ఆ మడ్‌గార్డును మళ్ళీ ముట్టుకోలేదు.

కానీ వదిన కళ్ళల్లో నేను చాలా రోజులుగా చూడని వెలుగు.

"ఆయన బండి ఎక్కడుంది మాబున్నీ?" అంది.

అంతే. ఇక నాకు నిద్రలేదు. అక్కడి పోలీసుల కాయితంలో బండి చాసిస్ నంబరుంది. దాన్ని పట్టుకుని నెట్‌లో పడ్డాను. పాత సామాను అమ్మేవాళ్ళందరికీ మెసేజీలు. మీకు తెలుసో లేదో, గుద్దుకున్న బండి చావదు. విడిపోతుంది. అన్న బండి ఇంజను మొంబాసా చేరి ఒక చేపల పడవను నడుపుతోంది. దాని కొత్త యజమాని పడవ ఫొటో కూడా పంపాడు, నీలం రంగు వేసిన చక్కటి పడవ. ముందు లైట్లు కరాచీలో ఎవరి బండికో వెలుగుతున్నాయి. సీట్లు ఇథియోపియా వెళ్ళాయి. ఒక్క బండి అన్ని దేశాలకు పంపకమైపోయి, అన్ని చోట్లా బతుకుతోంది. రాత్రింబగళ్ళు భూమి మీద ఎంతమంది పోయినవాళ్ళ సీట్లలో ఎంతమంది ఉన్నవాళ్ళు కూర్చుని పోతున్నారో అనుకుంటే తల తిరిగింది.

డ్రైవరు వైపు తలుపు మాత్రం ఎవరూ కొనలేదు. సొట్టపడిందని. అది అబూ ఫారిస్ యార్డులో ఒక మూల ఉండిపోయింది.

ఆయన నన్ను పిచ్చిదానిలా చూస్తుంటే చివరికి విసుగొచ్చి ఉన్నదున్నట్టు రాసేశాను. అన్న సంగతి, పెట్టె సంగతి, వదిన సంగతి, యంత్రం సంగతి. మర్నాటి దాకా జవాబు లేదు. నమ్మలేదేమో, బ్లాక్ చేశాడేమో అనుకున్నాను. అప్పుడొచ్చింది.

"చెల్లీ, తలుపును నేనే స్వయంగా దుప్పట్లో చుట్టాను. ఎవరి చెయ్యీ పడనివ్వలేదు. నా యార్డులో వేల తలుపులున్నాయి. ఇరవయ్యేళ్ళుగా వాటి మధ్య నిలబడి బేరాలాడాను, పనివాళ్ళ మీద అరిచాను. నీ మెసేజీ చదివాక అక్కడ గట్టిగా మాట్లాడలేకపోతున్నాను. పొద్దున వెళ్ళి వాటన్నిటికీ సలాం చెప్పాను."

ఆ మెసేజీ వదినకు చదివి వినిపించాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఎంతకీ వదల్లేదు.

తలుపు ఓడ దిగి, లారీ ఎక్కి, అనుకున్న రోజుకంటే ముందే వచ్చేసింది. నేను కాలేజీలో ఉన్నాను. వదిన ఫోన్ చేసి "వచ్చిందంట, షెడ్డులో దింపారంట" అంది. యంత్రాన్ని ఆటోలో వేసుకుని, దారిలో వదినను ఎక్కించుకుని బయలుదేరాను. వదిన దారి పొడుగునా చున్నీ కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుంది.

వీధి మొదట్లోనే వినబడింది సుత్తి చప్పుడు. ఆటోనగర్‌లో సుత్తి చప్పుడు వింతేం కాదు. కానీ మా నాయన దెబ్బ నేను వెయ్యి దెబ్బల్లో పోల్చుకుంటాను. రెండు చిన్నవి, ఒకటి పెద్దది. రెండు చిన్నవి, ఒకటి పెద్దది. ఆటో ఆగక ముందే దూకి పరిగెత్తాను.

నాయన తలుపు మీద నూనె గుడ్డతో ఆఖరి తుడుపు తుడుస్తున్నాడు. తెల్లటి తలుపు. సాపుగా, కొత్త పెళ్ళికూతురి చెంపలా ఉంది. సొట్ట లేదు.

"వచ్చావా అమ్మాయ్! చూడు, ఎట్టా ఉందో" అన్నాడు. చెమటతో తడిసిపోయాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఆటోనగరంతా వొచ్చి చూసినా దెబ్బెక్కడో చెప్పలేరు. గ్యాసు కూడా వాడలా. ఏడి తగిలితే వాడికి నొప్పి అని చేత్తోనే తీశా."

"ఏం చేశావ్ నాయనా!" నా గొంతుకు నాకే భయం వేసింది. "ఏం చేశావసలు!"

"ఏంది? సాపు చేశా. సొట్టతో ఉంటే మాట సాపుగా ఎట్టా వస్తదమ్మా? చెవిలో గుబిలి ఉంటే ఇనపడుద్దా? గుబిలి తీసినట్టు తీశా. మా వోడి మాట తేటగా ఇనపడాలని..."

"సొట్టే మాట నాయనా! సొట్టలోనే ఉంది అన్న మాట. సొట్ట పడ్డప్పుడు బిగిసింది. సొట్ట తీస్తే మాట పోయినట్టే!"

నాయన నా మొహం చూశాడు. తన చేతిలో సుత్తిని చూశాడు. ఆ సుత్తి పిడి ఆయన వేళ్ళ కింద అరిగి పల్లాలు పడింది. ఆయన దాన్ని కింద పెట్టాలనుకున్నాడు గానీ వేళ్ళు రాలేదు. నేనింకా అరిచేదాన్నే. నా కోపం అలాంటిది, వస్తే వరద. వదిన వచ్చి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"మామనేం అనమాక. ఆయన చేతిలో ఉంది అదొక్కటే. కొడుక్కి అదే చేశాడు" అంది.

అని తలుపు ముందు నేల మీద కూర్చుంది. అరచెయ్యి రేకు మీద పెట్టింది. గాజులు రేకుకు తగిలి చిన్నగా మోగాయి.

"పెట్టు మాబున్నీ."

"ఇందులో ఏం లేదు వదినా. అన్న గొంతు ఉండదు."

"సుత్తి దెబ్బలన్నా ఉంటయ్ గదా. మామ ఆయన కోసం కొట్టిన దెబ్బలు. అయ్యే ఇంటాను."

కన్నీళ్ళు తుడుచుకుని యంత్రాన్ని తలుపు దగ్గరికి జరిపాను. గీతను ఎక్కడ మొదలుపెట్టాలా అని అంచు వెంట వేలితో తడిమాను. తలుపు పై రేకును అంచుల దగ్గర లోపలి చట్రం మీదికి మడిచి నొక్కేస్తారు. తలుపు తిరిగే కబ్జాల వైపు, ఆ మడతలో నా వేలికి ఏదో తగిలింది. గోరంత నొక్కు. సుత్తి పట్టని సందు.

"నాయనా, ఈ మడతను కొట్టావా?"

"లేదమ్మా" అన్నాడు. "మడత పెచ్చు లేస్తదని దాని జోలికి పోలా."

లారీ గుద్దినప్పటి నొక్కు అది, అలాగే ఉంది. గోరంత నొక్కులో ఎంతుంటుంది? ఒక ఊపిరి. మహా అయితే ఒక మాట. అది కూడా ఆ వీధి మోతలో మునిగిపోవచ్చు. ఆటోనగర్‌లో మధ్యాహ్నమంటే నాలుగు దిక్కులా సుత్తులే.

నేను తలుపు దగ్గర కూర్చుని తల పట్టుకోవడం పక్క షెడ్డు వెల్డరు చూసినట్టున్నాడు. ఎవరూ ఆయన్ని అడగలేదు. వీధిలో ఎవరైనా పోతే శవం సాగే దాకా సుత్తులు ఆపడం మా దగ్గర ఆచారం. అన్న పెట్టె వచ్చిన రోజు అది ఊళ్ళోకి రాకుండా నేరుగా ఖబరస్తాన్‌కి పోయింది. ఆ రోజు వీధి సుత్తులు ఆపలేకపోయింది. ఇవాళ ఆపింది. వెల్డరు ఆపాడు. ఎదురు షెడ్డు ఆపింది. ఒక్కో షెడ్డూ, ఒక్కో షెడ్డూ, వీధి చివరిదాకా. లేతు మిషన్లు ఆగాయి. కంప్రెషర్లు ఆగాయి. పుట్టి పెరిగిన ఆ వీధిలో నేనెప్పుడూ వినని నిశ్శబ్దం అది. ఎక్కడో కాకి అరిస్తే అందరం ఉలిక్కిపడ్డాం.

గీతను మడత మీద నుంచి మొదలుపెట్టి హ్యాండిల్ వైపు నడిపించాను.

ముందు గాలి. పొడుగాటి, ఎడతెగని గాలి. టైర్ల హోరు. ఆ హోరు కింద ఎవరో గొంతు సవరించుకున్నారు.

వదిన ఒక్కసారిగా ముందుకు వంగింది.

"...ఈసారి పక్కన పెట్టొద్దు నాయనా. ఒక్క మాట చెప్పనీ నన్ను..."

అన్న. మా అన్న. ఒంటరిగా బండి తోలుతూ, నాయనతో ఎట్లా మాట్లాడాలో తనలో తను చెప్పుకుంటున్నాడు. చిన్నప్పుడు బళ్ళో పద్యం అప్పజెప్పే ముందు ఇట్లాగే గోడకేసి చెప్పుకునేవాడు. గొంతులో భయం లేదు. లారీ వస్తోందని అన్నకు తెలియనే తెలియదు. కాస్త మొహమాటంగా, కాస్త నవ్వుతూ అడుగుతున్నాడు.

మడత అయిపోయింది. గీత సాపు రేకు మీదికి వచ్చింది. అన్న గొంతు తెగిపోయింది. నేను కళ్ళు మూసుకున్నాను.

ఠంగ్. ఠంగ్. ఠణాంగ్.

రెండు చిన్నవి, ఒకటి పెద్దది. ఆ దెబ్బల మధ్యలోంచి ఒక గొంతు వచ్చింది. ఇందాక, మేం రాకముందు, రేకు వంగుతున్నప్పుడు రేకులో బిగిసిపోయిన గొంతు.

"చెప్పరా వలీ. చెప్పు. ఇంటన్నా."

స్పీకర్లో నాయన మాట్లాడుతున్నాడు. పక్కన నాయన నిలబడి ఉన్నాడు.

"చెప్పు నాయనా. పక్కన పెట్టేవోణ్ణి గానీ, ఇనేవోణ్ణిరా. నీ పిలుపు ఇనటానికే ఆడ కూసునేవోణ్ణి. నువ్వు పెట్టేసినాక కూడా కాసేపు ఇనేవోణ్ణి. మాట రాక... నాకు మాట రాదు గదరా, సుత్తే వచ్చు... చెప్పరా, ఇప్పుడు చెప్పు..."

ఠంగ్. ఠంగ్. ఠణాంగ్. ఆ తర్వాత ఏడుపు, మళ్ళీ సుత్తి, ఏడుపు, సుత్తి. రేకు చివరంటా అంతే.

గీత ఆగింది.

ఒకరు అడిగాక ఒకరు జవాబు చెప్పారు. ఎడారిలో ఒకరు, ఆటోనగర్‌లో ఒకరు. మధ్యలో సముద్రం, మధ్యలో చావు. మా నాయన తప్పు చేసి, సొట్ట తీసి, కొడుకు మాటలన్నీ చెరిపేసి ఉండకపోతే ఆ జవాబు ఆ రేకులో ఉండేదే కాదు. నేను లోహాల చదువు చదివాను. ఇది ఏ పుస్తకంలోనూ లేదు.

నాయన నేల మీద కూలబడ్డాడు. "అడిగాడా వాడు? నన్నే అడిగాడా?" అని చిన్నపిల్లాడిలా నన్ను అడిగాడు.

"నిన్నే నాయనా. నువ్వేమో 'చెప్పరా' అన్నావు."

వదిన అప్పటిదాకా రేకు మీద చెయ్యి తియ్యలేదు. "ఆయనే" అంది. మళ్ళీ "ఆయనే మాబున్నీ. ఆ బండ్లో ఉంది ఆయనే" అంది. ఆ తర్వాత, పెట్టె వచ్చిన నాటి నుంచి దాచిపెట్టుకున్న ఏడుపంతా ఏడ్చింది. నేను ఓదార్చలేదు. ఏడవనిచ్చాను. వీధి వీధంతా తలలు వంచుకుని నిలబడింది.

చాలాసేపటికి వదిన లేచి కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇప్పుడు దీంట్లో ఏముంది?"

"ఏమీ లేదు వదినా. అంతా విన్నాం, అంతా పోయింది. ఇది ఇప్పుడు కొత్త రేకు."

ఆవిడ నాయన వైపు తిరిగింది. "మామా, మీరిద్దరూ మాట్టాడుకున్నారు. నేను ఆయనతో ఏమీ చెప్పలా. ఇందులో సొట్ట పెట్టండి."

నాయన తెల్లబోయాడు. "నేనా? సొట్ట పెట్టటమా? ఈ చేత్తో ఇంతవరకూ..."

"పెట్టండి మామా."

నాయన సుత్తి తీసుకున్నాడు. జీవితమంతా సొట్టలు తీసిన మనిషి, ఒక్క సొట్ట పెట్టడానికి ఎక్కడ కొట్టాలో తెలియక తలుపు చుట్టూ తిరిగాడు. చివరికి హ్యాండిల్‌కి పైన, డ్రైవరు మోచెయ్యి ఆనుకునే చోట ఆగాడు. వదిన మోకాళ్ళ మీద వంగి, పెదాలు రేకుకు ఆనించి ఏదో చెప్పింది. అత్తరు పూసినంత మెల్లగా. పక్కనే ఉన్న నాకు కూడా వినబడలేదు. చెప్పడం అయ్యీ అవకముందే మా నాయన కళ్ళు మూసుకుని ఒక్క దెబ్బ వేశాడు.

ఆ సాయంత్రమే వదిన ఇద్దత్ కూర్చుంది. గాజులు తనే తీసి నా చేతికిచ్చింది. ఫాతేహాకు వంట నేనే చేశాను, ఉప్పు ఎక్కువైంది, ఎవరూ ఏమీ అనలేదు.

నా యంత్రం సంగతి ఇప్పుడు లోకానికంతా తెలుసు. అబూ ఫారిస్ సొట్టపడ్డ తలుపులు అమ్మడం మానేశాడు. చాసిస్ నంబర్లు పట్టుకుని, పోయినవాళ్ళ ఇళ్ళు వెతికి పంపిస్తున్నాడు. మొన్న ఒకటి లిథువేనియాకు పంపానని రాశాడు.

అన్న తలుపు మా షెడ్డులో గోడకు వేలాడుతోంది. దాన్ని ఎవరూ వినలేదు, వినం. కొత్తగా వచ్చిన గిరాకీలు అది చూసి నవ్వుతారు. "ఏంది మేస్త్రీ, అందరి సొట్టలూ తీస్తావ్, నీ షెడ్డులో సొట్ట తియ్యలేదే?" అంటారు.

"అది తీసేది కాదులే బాబూ" అని నాయన మళ్ళీ పనిలో పడతాడు. ఆ తలుపు దగ్గర మాత్రం ఆయన సుత్తి కాస్త మెల్లగా పడుతుంది.